పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ కొనబోయే ముందు

అందరికీ నమస్కారం. పాత ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక తగిలించే ఇంజిన్, కొనబోయేవాళ్లు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ సంవత్సరం మోడల్? ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది?

మొదటిదానికి జవాబు కొన్ని మోటార్ల మీదే రాసి ఉంటుంది. 1980 నుంచి చాలా ఏళ్లపాటు జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల వాళ్లు మోడల్ నంబరులోనే ఏడాదిని దాచేవారు. ‘ఇంట్రడ్యూసెస్’ (INTRODUCES) అన్న ఇంగ్లిష్ మాటలోని పది అక్షరాలకీ వరసగా 1 నుంచి 9, ఆఖరిదానికి సున్నా. ఆ చోట ‘సి, ఇ’ అని ఉంటే 89 మోడల్ అన్నమాట. సరదా విషయమే గానీ, దాన్నిబట్టి మోటారు ఆరోగ్యం తెలియదు.

అందుకే ముందు కవర్ తీసి సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారు. నేను మొదట కొన్న మోటారు తాడు ఒక్కసారి లాగగానే అందుకుంది, మురిసిపోయాను. మర్నాడు చల్లటి ఇంజిన్‌తో కుస్తీ పడితే భుజం పట్టేసింది. చెయ్యి పెట్టినప్పుడే రంగు కూడా చూడండి. హెడ్ దగ్గర మాడి బొబ్బలెక్కి ఉంటే ఇంజిన్ ఎప్పుడో బాగా వేడెక్కిందని అర్థం.

ఇక కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి. ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ పనిచేయకుండా చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్గు రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజి పెట్టి ఇంజిన్ తిప్పండి. అంకె ఎంత వచ్చిందని కంగారు పడొద్దు, గేజికీ గేజికీ తేడా ఉంటుంది. సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 100, 98 వస్తే నాకు సమ్మతమే. 125, 90 వస్తే లేచి వచ్చేస్తాను. పది శాతం దాటితే అనుమానించాల్సిందే.

ఒక్క సిలిండరే ఎందుకు పోతుంది? ఈ ఇంజిన్లలో పిస్టన్‌కి నూనె పెట్రోలుతో కలిసే వస్తుంది. చాలా మోటార్లలో సిలిండర్‌కొక కార్బురేటర్. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి ఒక కార్బురేటర్ జెట్‌ని (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని) సగం మూసిందనుకోండి, ఆ సిలిండర్‌కి పెట్రోలూ తగ్గుతుంది, నూనే తగ్గుతుంది. వేడి మాత్రం పెరుగుతుంది. పిస్టన్ గీతలు పడుతుంది, ముదిరితే కరుగుతుంది. ఆ ప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి చూస్తే కొనమీద మెరిసే చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు కనిపిస్తాయి. అవి పిస్టన్ ముక్కలే.

మోటారు నడుస్తున్నప్పుడు ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు పక్కనుంచి సన్నటి ధారగా బయటికి రావాలి. ఆ ధార రాకపోతే మాత్రం బేరం వదులుకోకండి. రంధ్రంలో చెత్త ఉండొచ్చు, తీగతో పొడవండి. కాకపోతే నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ కావచ్చు. అది రబ్బరు, ఎలాగూ మార్చాల్సిన వస్తువే.

ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే గేరు కేసు కింది స్క్రూ కాస్త వదులు చేయండి. నూనె పాలలా తెల్లగా వచ్చినా, ముందు నీళ్లే వచ్చినా, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీల్స్ పోయాయి. చాలాసార్లు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి చుట్టుకున్న గాలం దారమే సీల్‌ని కోసేస్తుంది.

చివరగా నీళ్లలోకి దించి, ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడపండి. వేగం పడిపోతే ఇంధనం గొట్టం మీది రబ్బరు బల్బుని (చేత్తో నొక్కి పెట్రోలు పంపేది) నొక్కండి. పుంజుకుంటే పంపో గొట్టమో, చిన్న ఖర్చుతో పోతుంది. పుంజుకోకపోతే వేడెక్కాక ఇగ్నిషన్ కాయిల్ చతికిలబడుతోందేమో చూడాలి. ఒడ్డుకొచ్చాక మళ్లీ ఒకసారి కంప్రెషన్ తీయండి. రెండు రీడింగులూ కాగితం మీద రాసి అమ్మేవాళ్ల ముందు పెట్టి, అప్పుడు ధర అడగండి.