ఎక్స్‌పాన్స్ చివరి సీజన్: రాళ్లు, రైల్‌గన్‌లు, దూరం లెక్కలు

[తెర మీద: విశాఖ ఆర్కే బీచ్. ఐఎన్‌ఎస్ కురుసుర పక్కగా కెమెరా నెమ్మదిగా కదులుతుంది.]

వైజాగ్ వాళ్లకు, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్ల కింద బ్యాటరీల మీద నడిచినంతసేపూ దీని చప్పుడు తక్కువగా ఉండేది. బ్యాటరీల్లో ఛార్జ్ తగ్గితే డీజిల్ ఇంజిన్ వేయాల్సి వచ్చేది, గాలి కోసం పైకి రావాల్సి వచ్చేది. శత్రువుకు దొరికిపోయేది అప్పుడే. అంతరిక్షంలో సాగే సైన్స్ ఫిక్షన్ సీరీస్ ‘ది ఎక్స్‌పాన్స్’ ఆరో సీజన్‌లో యుద్ధం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. కాకపోతే అక్కడ ఆచూకీ పట్టించేవి ఇంజిన్ వేడి, రేడియో సంకేతాలు.

సీజన్ చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి. కథంతా చెప్పేస్తున్నాం.

2021 డిసెంబరు 10 నుంచి 2022 జనవరి 14 వరకు ప్రైమ్ వీడియోలో వచ్చిన ఈ సీజన్‌కు ఆరే ఎపిసోడ్లు. అందుకే లెక్కలు నోటితో చెప్పరు, దృశ్యాల్లో చూపించి వెళ్లిపోతారు.

[తెర మీద: భూమి వైపు దూసుకొస్తున్న రాయి, పక్కన అంకెలు]

మొదట, భూమి మీద యుద్ధానికి దిగిన గ్రహశకలాల వాసుల నాయకుడు మార్కో ఇనారోస్ విసిరే రాళ్లు. 30 మీటర్ల అడ్డుకొలత ఉన్న రాయి తీసుకోండి. ఘనపు మీటరుకు 3 టన్నుల చొప్పున బరువు సుమారు 42 వేల టన్నులు. సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తే ప్రతి కిలో రాయీ దాదాపు 48 కిలోల టిఎన్‌టితో సమానం. మొత్తం 20 లక్షల టన్నుల టిఎన్‌టి! లోపల పేలుడు పదార్థం చిటికెడు కూడా లేదు. వేగం ఒక్కటే చాలు.

ఇంజిన్ ఆగిన రాయి చల్లగా ఉంటుంది, పైన పూసిన మార్స్ స్టెల్త్ పూత రాడార్‌ను మింగేస్తుంది. మరి దొరికేదెలా? రాయికి బిగించిన ఇంజిన్‌ను దూరం నుంచి ఎవరో రాజేయాలి కదా, ఆ సంకేతం పంపేది అజూర్ డ్రాగన్. రెండో ఎపిసోడ్‌లో కథానాయకుడు హోల్డెన్ నౌక రోసినాంటే బృందం ఈ నౌక కోసం ప్రాణాలకు తెగించేది అందుకే. రాళ్లను ఒక్కొక్కటిగా వెతకడం కంటే విసిరించే చెయ్యిని పట్టుకోవడం నయం.

[తెర మీద: మూడో ఎపిసోడ్, మార్కో నౌక పెల్లాతో పోరు]

సీజన్ మొత్తంలో మళ్లీ మళ్లీ చూడాల్సిన పోరు ఇదే. రోసినాంటే రైల్‌గన్ (విద్యుత్ శక్తితో గుండును విసిరే ఫిరంగి) నౌక వెన్ను పొడవునా బిగించి ఉంటుంది. గురి పెట్టాలంటే నౌకనే తిప్పాలి. గుండు వదిలితే నౌక వెనక్కి తన్నుకుంటుంది, దాన్ని ఇంజిన్‌తో సర్దుకోవాలి. గుండు వేగం సెకనుకు 100 కిలోమీటర్లు అనుకుందాం. వెయ్యి కిలోమీటర్లు దాటడానికి 10 సెకన్లు. ఈలోగా అవతలి నౌక 5 జీ (భూమి గురుత్వానికి ఐదు రెట్లు) త్వరణంతో పక్కకు తప్పుకుంటే దాదాపు రెండున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది, గుండు శూన్యంలోకి పోతుంది. దూరం తగ్గేదాకా కాల్చకపోవడం పిరికితనం అనుకోకండి. ఇక హోల్డెన్ తన టార్పెడోను నిర్వీర్యం చేయడం అంటారా, అది లెక్క తప్పడం కాదు. అవతలి నౌకలో ఫిలిప్ ముఖం చూశాడు; అతను మార్కోకూ, హోల్డెన్ సహచరి నవోమీకీ పుట్టిన కొడుకు. మా దృష్టిలో సీజన్‌లో అతి బలమైన క్షణం అదే.

గ్రహశకలాల పట్టీలోని సెరెస్ స్టేషన్ విషయంలో మార్కో ఎత్తు ఇంకా కఠినం. సరుకంతా ఊడ్చుకుని స్టేషన్‌ను వదిలేస్తాడు, ఆకలితో ఉన్న జనాన్ని పోషించే భారం శత్రువు నెత్తిన పడుతుంది.

ఒక్క అభ్యంతరం. సెరెస్‌ను తిప్పి 0.3 జీ పుట్టించారని ఈ కథ చెబుతుంది. అందుకు దాదాపు 940 కిలోమీటర్ల ఆ గోళం 40 నిమిషాలకోసారి తిరగాలి. అసలు సెరెస్‌కు 9 గంటలు పడుతుంది. అంత వేగానికి రాయీ మంచూ కలిసిన గోళం చెదిరిపోతుంది. ఇక్కడ మాత్రం రచయితలకు మనం కాస్త వెసులుబాటు ఇవ్వాలి.

[తెర మీద: రింగ్ గేటు]

రింగ్, అంటే వేరే నక్షత్రాల వైపు దారి తీసే గేటు, ఉన్నది యురేనస్ కక్ష్యకు ఆవల. భూమి నుంచి మాట చేరాలంటే రెండున్నర గంటలు దాటుతుంది, అందుకే పాత్రలు ఫోన్లో మాట్లాడినట్టు కాకుండా సందేశాలు రికార్డు చేసి పంపుకుంటాయి. చివరి ఎపిసోడ్‌లో నవోమీ, మాయమైన నౌకల వివరాల్లో ఒక వరస పసిగడుతుంది. గేట్ల గుండా తక్కువ వ్యవధిలో వెళ్లే ద్రవ్యరాశి, శక్తి ఒక హద్దు దాటితే, తర్వాత వచ్చే నౌకను అవతలి శక్తులు మింగేస్తాయి. సరిగ్గా మార్కో వచ్చే వేళకు ఆ హద్దు దాటిస్తారు. హఠాత్తుగా అతికించిన ముగింపులా అనిపిస్తే ఐదో సీజన్ చివరి ఎపిసోడ్ మళ్లీ చూడండి, నౌకలు మాయమయ్యే సంగతి అక్కడే మొదలవుతుంది.

ప్రతి ఎపిసోడ్ మొదట్లో వచ్చే లకోనియా అనే గ్రహం మీది పిల్లల కథ మాత్రం తెర మీద తేలదు. దాని కొనసాగింపు కావాలంటే ఈ సీరీస్‌కు ఆధారమైన నవలల్లో ఏడోది, ‘పెర్సెపోలిస్ రైజింగ్’ నుంచి మొదలుపెట్టండి.