ఆవు సూడి కట్టడంలో వీర్యకణం ఎంజైముల పని

అందరికీ నమస్కారం. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను. హెసరఘట్ట, దొడ్డబళ్లాపుర, చిక్కబళ్లాపుర చుట్టుపక్కల ఆవులు మేపే మన తెలుగువాళ్లు చాలామంది అడిగే మాట ఇది: "ఎదలో ఉన్నప్పుడే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం కదా, మూడు వారాలకు మళ్లీ ఎదకు ఎందుకు వచ్చింది?" కారణాలు చాలా ఉంటాయి. వాటిలో తక్కువగా మాట్లాడుకునే ఒకదాన్ని ఈ వీడియోలో చూద్దాం.

స్క్రీన్ మీద బొమ్మ చూడండి. వీర్యకణం తల ముందు భాగాన్ని టోపీలా కప్పిన పలచని సంచి ఉంది కదా, దాని పేరు ఆక్రోసోమ్. ఎంజైములు ఉండేది ఇక్కడే. ముఖ్యమైనవి రెండు: హయలురోనిడేజ్, ఆక్రోసిన్.

అండం చుట్టూ చిన్న చిన్న కణాలు జిగురుతో అతుక్కుని ఉంటాయి. ఆ జిగురు హయలురోనిక్ ఆమ్లం. దాన్ని విడగొట్టి దారి చేసేది హయలురోనిడేజ్. ఇది కొంత వీర్యకణం పైపొర మీద కూడా ఉంటుంది. ఆ తర్వాత అసలు గట్టి పొర వస్తుంది, జోనా పెల్లుసిడా. అక్కడ ఆక్రోసిన్ పని. సంచిలో ఉన్నంతసేపూ ఇది ప్రోఆక్రోసిన్ అనే నిద్రాణ రూపంలో ఉంటుంది, సంచి తెరుచుకున్నాకే చురుకవుతుంది.

అయితే ఎంజైమ్ ఒక్కటే ఆ పొరను కరిగించేస్తుందని అనుకోకండి. ఆక్రోసిన్ లేని ఎలుకలకు కూడా పిల్లలు పుట్టినట్టు 1994లో జపాన్ పరిశోధకులు చూపించారు. 2020లో హ్యామ్‌స్టర్లలో చూస్తే, ఆక్రోసిన్ లేని వీర్యకణాలు ఆ పొరను దాటలేకపోయాయి. అంటే జంతువును బట్టి తేడా ఉంది. తోక విసురు మాత్రం ఎక్కడైనా కావాల్సిందే.

ఇప్పుడు మనకు బాగా పనికొచ్చే విషయం. వీర్యకణం లోపలికి వెళ్లగానే అండంలోకి దూరలేదు. ఆవు గర్భాశయంలో, అండవాహికలో కొన్ని గంటలు గడిపి సిద్ధం కావాలి. దీన్ని కెపాసిటేషన్ అంటారు. 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా కనుక్కున్నారు. ల్యాబ్‌లో ఆవు అండాన్ని ఫలదీకరించేటప్పుడు హెపారిన్ కలిపి ఈ పని చేయిస్తారు. సిద్ధమైన కణంలోకి కాల్షియం చేరుతుంది, సంచి తెరుచుకుంటుంది, ఎంజైములు బయటికొస్తాయి. ఇది ఒక్కసారే జరుగుతుంది. అండం దగ్గరికి చేరకముందే సంచి పగిలి ఎంజైములు కారిపోతే, ఆ కణం ఈదుతున్నా దానితో సూడి కట్టడం కష్టం. మైక్రోస్కోప్‌లో కదలిక బాగుందని వీర్యం బాగున్నట్టే అనుకోలేం, రంగు వేసి ఆక్రోసోమ్ కూడా చూడాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

సంచి ముందే ఎందుకు పగులుతుంది? సూదికి వాడే వీర్యాన్ని గడ్డకట్టించడం, కరిగించడం వల్ల కణం పైపొర దెబ్బతింటుంది. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న స్ట్రాను, అంటే వీర్యం నింపిన సన్న గొట్టాన్ని, 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి కరిగించాలి. అరచేతిలో రుద్దడం, జేబులో పెట్టడం వద్దు. తుడిచి, గన్‌లో (వీర్యాన్ని గర్భాశయంలోకి వదిలే పరికరం) ఎక్కించాక చల్లారనివ్వకూడదు. డిసెంబరులో మన బెంగళూరు పొద్దుటి చలి ఎలా ఉంటుందో తెలుసు కదా. గన్‌ను ముందే కాస్త వెచ్చచేసి, లోడ్ చేశాక గాలి తగలకుండా తీసుకెళ్లాలి.

ఇంత జాగ్రత్త పడ్డా, గడ్డకట్టించిన వీర్యం తాజా వీర్యమంత కాలం బతకదు. కొన్ని కణాలు కరిగేసరికే సగం సిద్ధమైపోయి ఉంటాయి, వాటికి ఓపిక తక్కువ. ఇటు అండం విడుదలయ్యేది ఎద ముగిశాక 10 నుంచి 12 గంటలకు. అందుకే పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించమంటారు. మరీ ముందు వేస్తే అండం వచ్చేలోగా కణాలు అయిపోతాయి. మరీ ఆలస్యమైతే అవి సిద్ధమయ్యేలోగా అండం పాతబడుతుంది.

ఒక కణం లోపలికి దూరగానే అండం కూడా తన ఎంజైములు వదిలి పొరను మార్చేస్తుంది, ఇంకోటి రాకుండా.

కాబట్టి ఎద మొదట కనిపించిన టైమ్ గోడ మీదైనా రాసిపెట్టండి, డాక్టరు గారికి అదే చెప్పండి. స్ట్రా కరిగించే నీళ్లలో థర్మామీటర్ పెట్టారో లేదో ఒకసారి చూడండి. అడగడానికి మొహమాటపడకండి.