పాత కారు బానెట్ కింద మంట లేస్తే: పౌడరా, గ్యాసా, నురగా?

అందరికీ నమస్కారం. మొన్న కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారును కంటికి రెప్పలా చూసుకుంటున్నారట. "అన్నా, ఇంజిన్ దగ్గర మంట లేస్తే దానంతటదే ఆర్పే సిస్టమ్ పెట్టిద్దామనుకుంటున్నా. షాపులో పౌడర్, గ్యాస్, నురగ అని మూడు రకాలు చెప్పారు. ఏది తీసుకోమంటావు?" అన్నాడు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ వీడియో.

ముందు మా అంబాసిడర్‌కి జరిగింది చెప్తా. నాలుగేళ్ల కిందట, మే నెల. పెళ్లికని నెల్లూరు నుంచి ఒంగోలు పోతున్నాం. సింగరాయకొండ దాటగానే పెట్రోల్ వాసన మొదలైంది. ఎండకి అంతేలే అనుకున్నా. కాసేపటికే బానెట్ సందుల్లోంచి పొగ. కార్బొరేటర్‌లో, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగంలో, పెట్రోల్ రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుపోయి పెట్రోల్ పొంగిపోయింది. ఆ ఇంజిన్‌లో కార్బొరేటర్ ఉండేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగను బయటికి పంపే ఇనుప గొట్టాలు, ఉన్న వైపే. పొంగిన పెట్రోల్ కారేది కాలుతున్న ఇనుము మీదికే.

సీటు కింద మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఉండబట్టి బయటపడ్డాం. కొట్టగానే మంట పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. అసలు దెబ్బ తర్వాత తెలిసింది. ఇదిగో, ఆ కార్బొరేటర్. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, ఈ తెల్లటి పొక్కులు చూడండి. గోరుతో గీకితే పొడిపొడిగా రాలుతోంది. ఇది మంట చేసిన పని కాదు. ఆ పౌడర్‌లో ఉండేది అమోనియం ఫాస్ఫేట్. గాలిలో తేమ పీల్చుకుని పుల్లబడి లోహాన్ని తినేస్తుంది. మనదా, సముద్రపు గాలి. బండి నెల రోజులు షెడ్డులో ఉండేసరికి వైరింగ్ జాయింట్లు కూడా పచ్చగా చిలుము పట్టాయి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఒక్కో పార్టుకి ఎంత తిరిగానో నాకే తెలుసు. ఏమీ లేనిచోట పౌడర్ ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ పాత బండి ఇంజిన్‌లో పర్మనెంట్‌గా బిగించడానికి నేను దాన్ని ఒప్పుకోను.

ఇక గ్యాస్. ఒకప్పుడు హేలాన్ అనే మంటలార్పే గ్యాస్ వాడేవాళ్లు. ఓజోన్ పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని తయారీ ఆపించారు. ఇప్పుడు దాని బదులు క్లీన్ ఏజెంట్లు అనే గ్యాసులు వస్తున్నాయి. పని అయ్యాక మరక కూడా మిగలదు, చూడ్డానికి ఇదే బాగుంటుంది. అయితే గ్యాస్ బాగా పనిచేసేది మూసి ఉన్న గదిలో. మన పాత కార్ల ఇంజిన్‌కి అడుగున మూత ఉండదు, ముందు రేడియేటర్, దాని వెనక ఫ్యాన్. ఇంజిన్ ఆపకపోతే ఫ్యానే ఆ గ్యాస్‌ని ఊదేస్తుంది. మంట ఆరినా మానిఫోల్డ్ ఇంకా వేడిగానే ఉంటుంది, పెట్రోల్ కారుతూనే ఉంటుంది. గ్యాస్ చెదిరిపోగానే మళ్లీ అంటుకోవచ్చు.

అందుకే నా ఓటు నురగకి. ఇనుమును చల్లబరుస్తుంది, పెట్రోల్ మీద పొరలా పరుచుకుని ఆవిరిని అణిచిపెడుతుంది. తర్వాత నీళ్లతో శుభ్రంగా కడుక్కోవాలి, ఆ పని తప్పదు. చలి దేశాల్లో సిలిండర్‌లో నీళ్లు గడ్డకడతాయని భయపడతారు, మనకు ఆ బెంగ లేదు. ఒక్క సంగతి మాత్రం షాపులో గట్టిగా అడగండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఆల్కహాల్ మామూలు నురగ పొరను విరిచేస్తుంది. ఆల్కహాల్‌కి తట్టుకునే రకమే కావాలని చెప్పండి.

ఏ రకమైనా, ఇలాంటి సిస్టమ్‌లలో ఎక్కువగా మంటను కనిపెట్టేది ఇంజిన్ దగ్గర బిగించే ఈ ప్లాస్టిక్ ట్యూబే. లోపల ప్రెషర్ ఉంటుంది. మంట తగిలినచోట మెత్తబడి పగులుతుంది, ప్రెషర్ పడిపోగానే సిలిండర్ వాల్వ్ తెరుచుకుని నాజిల్స్‌లోంచి నురగ కొడుతుంది. కరెంటు అక్కర్లేదు. బస్సుల ఇంజిన్ గదిలో మంటను పసిగట్టి ఆర్పే సిస్టమ్‌కి మన దేశంలో ఏఐఎస్ 135 అని ప్రమాణం ఉంది. కాబట్టి బస్సులకు ఇవి బిగించే వాళ్ల దగ్గర విచారించండి, ఈ పని వాళ్లకు తెలిసే ఉంటుంది.

నాకు మొదట బిగించినతను ట్యూబ్‌ని నీట్‌గా కనిపించాలని ఫెండర్ పక్కనే లాగేశాడు. మంట లేచేది పైకి కదా! విప్పించి, కార్బొరేటర్‌కి పైన, పెట్రోల్ పంపు పక్కగా మళ్లీ వేయించా. మానిఫోల్డ్‌కి మాత్రం ఎడంగా ఉండాలి. మన రోహిణి కార్తె ఎండలో బండి ఆపాక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. సుమారు 110 డిగ్రీలకు పగిలే ట్యూబులు ఉన్నాయి, అంతకన్నా ఎక్కువ తట్టుకునేవీ దొరుకుతాయి. ఎండలో ఆపి ఉన్నప్పుడు మీ బానెట్ కింద ఎంత వేడి ఉందో ముందు థర్మామీటర్‌తో చూసుకుని అప్పుడు కొనండి. సిలిండర్ మాత్రం ఇంజిన్ గదిలో వద్దు. నాది ముందు సీటు పక్కన ఉంది, గేజ్ ముల్లు పచ్చలో ఉందా లేదా అని తాళం పెట్టేముందే కనిపిస్తుంది.

దీంతోపాటు బ్యాటరీ కరెంటును పూర్తిగా ఆపేసే కట్-ఆఫ్ స్విచ్ తప్పనిసరి. పాత మెకానికల్ పంపు అయితే ఇంజిన్ ఆగగానే ఆగుతుంది. చాలామంది ఎలక్ట్రిక్ పంపు మార్పించుకున్నారు, అది కీ ఆన్‌లో ఉన్నంతసేపు మంటలోకి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. పొగ కనపడగానే పక్కకి ఆపండి, కీ ఆఫ్ చేసేయండి, అందరినీ దింపేయండి. బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలితే మంట మీ మొహం మీదికే వస్తుంది.

కావలి తమ్ముడూ, సిస్టమ్ కొనేముందు ఒక పని చెయ్యి. బండి చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ హోస్‌ని ఇలా వంచి చూడు. ఇది మా పాత ముక్క. వంపు దగ్గర సన్నటి పగుళ్లు వచ్చాయి చూశావా? నీ దాంట్లో ఇలాంటిది ఒక్కటి కనపడినా, ముందు ఇథనాల్‌కి తట్టుకునే కొత్త హోస్ వేయించి, క్లిప్పులు కూడా మార్పించు. నురగ సిలిండర్ సంగతి ఆ తర్వాత చూద్దాం.