స్క్రిప్ట్ ఫాంట్ వాడుతున్నారా? ట్రాకింగ్ జోలికి వెళ్లకండి

స్క్రీన్ మీద ఈ పేరు చూడండి. చక్కటి స్క్రిప్ట్ ఫాంటే, అంటే చేతిరాతలా అక్షరాలు కలిసిపోయే రకం, మెలికలన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. జూమ్ చేస్తున్నాను... ఇదిగో, 'ఎన్' తోక ముగిసిన చోటికీ పక్కనున్న 'ఇ' మొదలైన చోటికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ. ట్రాకింగ్, అంటే అక్షరాలన్నిటి మధ్య ఎడం, 20 పెట్టారు, అంతే. దాన్ని సున్నా చేయగానే గీత అతుక్కుంది. కెర్నింగ్, అంటే జంట అక్షరాల మధ్య ఎడం సర్దడం, అది కూడా ఆప్టికల్‌లో వద్దు, ఫాంట్‌లోనే ఉన్న కొలతలు వాడే మెట్రిక్స్‌లో ఉంచండి. ఆప్టికల్ అక్షరాల ఆకారాలు చూసి జరుపుతుంది, అతుకులు దానికి తెలియవు.

ఈ అతుకు కోసం పాతకాలంలో నానా తంటాలు పడ్డారు. సీసపు అచ్చులో ప్రతి అక్షరం ఒక దీర్ఘచతురస్రపు దిమ్మ మీద ఉంటుంది. వాలు రాత దిమ్మ దాటి బయటికొస్తే ఆ సన్నటి కొస ప్రెస్సులో విరిగిపోయేది. అక్షరాలని ఫిల్మ్ మీద ఫొటో తీసి కూర్చే ఫొటోటైప్‌సెట్టింగ్ వచ్చాక దిమ్మే లేదు. 1960ల్లో ఫాంట్ డిజైనర్ మాథ్యూ కార్టర్ దాన్ని వాడుకుని స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే స్క్రిప్ట్ ఫాంట్ గీశారు. చార్లెస్ స్నెల్ అనే ఇంగ్లండ్ రాతగురువు చేతిరాత దానికి మూలం.

ఇక జాఫినో అనే స్క్రిప్ట్ ఫాంట్. ఫాంట్ డిజైనర్ హెర్మన్ జాఫ్ 1944లో రాసుకున్న పేజీ నుంచి పుట్టింది, 1998లో లైనోటైప్ అనే ఫాంట్ కంపెనీ విడుదల చేసింది. ఒకే అక్షరానికి చాలా రూపాలుంటాయి, పక్కన ఏముందో చూసి తగినది వచ్చి కూర్చుంటుంది. అది జరగాలంటే మీ సాఫ్ట్‌వేర్‌లోని ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో లిగేచర్స్ (కలిపి గీసిన అక్షరాలు), కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ (పక్కక్షరాన్ని బట్టి మారే రూపాలు) రెండూ ఆన్‌లో ఉండాలి. ఆఫ్‌లో ఉంటే మీరు చూస్తున్నది సగం ఫాంటే. అలాగని స్వాష్‌లన్నీ, అంటే పొడుగాటి అలంకారపు తోకలన్నీ, గుప్పించకండి. పదం మొదట్లో ఒకటి, చివర ఒకటి, నాకైతే అదే ఎక్కువ.

అన్నీ క్యాపిటల్స్‌లో మాత్రం ఎప్పుడూ టైప్ చేయొద్దు. ఈ ఫాంట్లలో పెద్దక్షరం పదం మొదట్లో ఒంటరిగా నిలబడటానికి గీసింది. నాలుగు పక్కపక్కన పెడితే పేరు చదవడానికి చిక్కుముడి విప్పాల్సిందే.

సైజు విషయానికొస్తే, ఆహ్వానపత్రం మీద పేర్లకి 30 పాయింట్లు దాటినా ఫరవాలేదు, అడ్రసుకి మాత్రం సాదా ఫాంటే పెట్టండి. స్నెల్ రౌండ్‌హ్యాండ్ లాంటి ఫాంట్లలో పైకి వెళ్లే గీత మరీ సన్నం, చిన్న సైజులో మాయమైపోతుంది. ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే ఇంకా కష్టం, చుట్టూ ఉన్న ఇంకు పాకి ఆ గీతని పూడ్చేస్తుంది.

వినైల్ కటింగ్‌కి, అంటే స్టిక్కర్ షీటు మీద మిషన్‌తో అక్షరాలు కోయించడానికి, పంపేవాళ్లకి ఒక మాట. ఫాంట్‌ని అవుట్‌లైన్ చేసి, అంటే అక్షరాలని ఆకారాలుగా మార్చి, ఆపేయకండి. అతుకుల దగ్గర అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, మిషన్ ఆ ప్రతిచోటా కోసేస్తుంది. అవుట్‌లైన్ చేశాక ఆకారాలని కలిపేసే యునైట్ ఆప్షన్ కొట్టండి, పదం మొత్తం ఒకే ఆకారం అవుతుంది. వీడియో టైటిల్ అయితే ఎక్స్‌పోర్ట్ చేశాక చివరి అక్షరం తోక చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది టెక్స్ట్ బాక్స్ అంచు దగ్గర తెగిపోతుంది. బాక్స్ కాస్త వెడల్పు చేస్తే సరి.