సోమశిల ఒడ్డున ఒక సలి రాత్రి, టెంట్ కింద దొరికిన గూన పెంకు ముక్క

నమస్తే అందరికి. ఇగో ఇప్పుడు మీరు స్క్రీన్ మీద చూస్తున్నది మంట పొగ కాదు, నీళ్ల మీదికెల్లి లేస్తున్న ఆవిరి. టైమ్ పొద్దుగాల ఆరున్నర, డిసెంబర్ నెల, జాగ సోమశిల, మన కొల్లాపూర్ కాడ కృష్ణ ఒడ్డు. వాయిస్ ఇంటికొచ్చినంక చెప్తున్న గని ఆ టైమ్‌ల నా ఏళ్లు సలికి కొంకర్లు పోయినయ్, అందుకే కెమెరా జర ఊగుతది.

ఈ ఆవిరి ఎట్లొస్తదంటే, పగలంతా ఎండ పట్టిన నీళ్లు జల్దీ సల్లారయ్, నేల మాత్రం పొద్దుగూకంగనే సల్లారుతది, గుట్టల మీది సల్లగాలి రాత్రంతా కిందికి జారి నీళ్ల మీద పరుసుకుంటది, అప్పుడు గాలి కంటే నీళ్లే ఎచ్చగుంటయ్, ఇట్ల పొగ లేస్తది. మేం ఐదుగురం లైన్‌గ కూసోని చేతులు ముంచి చూసినం, నిజంగనే గోరువెచ్చగున్నయ్!

ముందురోజు పగటీలి నాగర్‌కర్నూల్ల బయలెల్లినం, కొల్లాపూర్ల ఆగి ఉల్లిగడ్డలు, కట్టెలు తీసుకున్నం. జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు మా దోస్తు వాళ్లమ్మ కట్టిచ్చింది. నల్లమలల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉన్నది కాబట్టి అడవి లోపల టెంట్ ఏసుడు తప్పు, ఊరి దిక్కే, ఊరోళ్లను అడిగే ఏసినం.

మొదలు నీళ్ల అంచుకే ఏద్దామనుకున్నం. పుట్టి పడవ ఒడ్డుకు గుంజుతున్న ఒక పెద్దాయన చూసి, "ఆడొద్దు బిడ్డా, పైకే గట్టిగ కనవడ్తది, కింద అంత రొంపే. నీళ్లు ఇయ్యాల ఈడున్నయ్, రేపు ఏడుంటయో" అన్నడు. నిజమే, ఇది శ్రీశైలం డ్యామ్ బ్యాక్‌వాటర్, ఫుల్లుగ నిండితే 885 అడుగులు, కరెంట్ తీస్తరు, కాల్వలకు ఇడుస్తరు, మన కల్వకుర్తి లిఫ్ట్ కూడ ఎల్లూరు కాడ ఈ నీళ్లనే ఎత్తుతది, ఒడ్డు ఒక్క జాగల నిలవదు. సరేనని మీదికి జరిగినం.

ఆడ మేకు కొడ్తుంటే టక్కుమని ఏందో తగిలింది. తవ్వి తీస్తే ఇంటి కప్పు మీద పరిసే గూన పెంకు ముక్క, అరచెయ్యంత, ఒక పక్క వంపు అట్లనే ఉన్నది, లోపలి దిక్కు కుమ్మరి ఏళ్ల గీతలు కూడ కనిపిస్తున్నయ్. మేమంత ఫొటో తీసుకుంటున్నం గని మా దోస్తు ఒకడు సప్పుడు చేస్తలేడు. వాళ్ల తాతది ఈ నీళ్లల్ల మునిగిన ఊరే.

ఇది చెప్పాల్నని ఈ వీడియో పెడుతున్న. అందరు దీన్ని చెరువు, లేక్ అంటరు, మంచి నేచర్ స్పాట్ అంటరు, గని దీని కింద పొలాలున్నయ్, బాయిలున్నయ్. ఈ ప్రాజెక్ట్ కింద ఇటు పాలమూరుల, అటు కర్నూలుల కలిపి వందకు పైన ఊళ్లు మునిగినయ్, 1981ల ఊళ్లు ఖాళీ చేయించిండ్రు. వాళ్ల తాత ఇంటి దూలాలు, దర్వాజలు పీక్కొని బండ్ల మీదేసుకొని వచ్చిండంట, "అన్ని తెచ్చినం, బాయినే తెచ్చుకోలేకపోయినం" అంటడంట ఇప్పటికి. గుళ్లనైతే రాయి రాయి ఇప్పదీసి మళ్ల కట్టిండ్రు, జటప్రోలుల అట్లనే, కూడవెల్లి సంగమేశ్వరుని గుడి అలంపురం వచ్చింది, ఈ సోమశిల గుడి కూడ మీదికి మార్చిందే. అవతలి ఒడ్డు దిక్కు సంగమేశ్వరం గుడి మాత్రం ఆన్నే ఉన్నది, ఎండకాలం నీళ్లు దిగినప్పుడే బయటపడ్తది.

రాత్రి రెండింటికి సలి మస్తయింది. ఒకడు బొగ్గుల గిన్నె టెంట్ లోపల పెట్టుకుందాం అన్నడు, నేను అస్సలు ఒప్పుకోలె, మీరు కూడ పెట్టకండి దయచేసి, బొగ్గులకెల్లి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, నిద్రలనే పాణం పోతది. కింద వరిగడ్డి పరిసి మీద గొంగడి కప్పుకున్నం, గొంగడి తడిసినా ఎచ్చగనే ఉంటది. టెంట్ కిటికీ కొంచెం తెరిసి పెట్టాలె, లేకుంటే మన ఊపిరి ఆవిరే పొద్దుగాల మీద సుక్కలు సుక్కలు పడ్తది. బయటికొచ్చి చూస్తే ఆకాశంల నెత్తి మీద గొర్రుకొయ్యల సుక్కలు, పడమటి దిక్కు పిల్లలకోడి సుక్కల గుంపు, అంత తేటగ మా టౌన్ల ఎన్నడు చూడలె.

పొద్దుగాల ఆ పెద్దాయన వల తీసి రెండు బొచ్చె చేపలు ఇచ్చిండు, పైసలిస్తే ఒకదానివే తీసుకుండు. రాళ్లుప్పుతోని రుద్ది రుద్ది కడిగి, కారం పెట్టి కాల్సుకున్నం, రొట్టెలతోని ఆ రుచి ఏం చెప్పాలె!

పోయేటప్పుడు ఒకని కాలుకు సీసా పెంకు దిగింది, ఎవరో తాగి పగలగొట్టింది. మస్తు కోపమొచ్చింది. ఆడికొచ్చేటోళ్లందరికి చేతులు జోడించి చెప్తున్న, అది ఒకప్పుడు ఎవరిదో చెలక, ఎవరిదో వాకిలి, సీసాలు పగలగొట్టకండి.

పెంకు ముక్క మా దోస్తు జేబుల ఏసుకొచ్చిండు. తాతకిస్తే ఆయన తిప్పి తిప్పి చూసి, "ఇది మా ఊరిది గాదేమో రా, మా దిక్కు గూన ఇంకా మందముంటుండె" అన్నడు. అని దాన్ని మళ్ల వాపసియ్యలె, దిండు పక్కన పెట్టుకుండు.