అనువదించేవారు వందమంది, ఆమోదించేవారు ఎవరు?

నమస్కారం. మన విశాఖపట్నంలోనూ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ అప్పుడప్పుడు జరిగే ఒక కార్యక్రమం గురించి ఈ వారం మాట్లాడుకుందాం. ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం పేరుతోనో, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతోనో ఒక కంప్యూటర్ ల్యాబు నిండా విద్యార్థులను కూర్చోబెట్టి, ఏదో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి అనువదింపజేసి, సాయంత్రానికి సర్టిఫికెట్లు పంచి, బ్యానరు ముందు ఫొటో దిగి అందరినీ ఇళ్లకు పంపిస్తారు. నిర్వాహకుల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. అయితే ఆ రోజు రాసిన వాక్యాలు మరునాటి నుంచి ఏమవుతున్నాయని అడిగేవారు కనిపించరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు స్థానికీకరణకు, అంటే సాఫ్ట్‌వేర్ తెర మీది మాటలను తెలుగులోకి తెచ్చే పనికి, అనువాదకుల కొరత అంతగా లేదు. వచ్చిన అనువాదాన్ని ఓపికగా చదివి, దిద్ది, ఆమోదించే సమీక్షకుల కొరత మాత్రం తీవ్రంగా ఉంది. కాబట్టి కొత్తగా బృందం కట్టాలనుకునేవారు జనాన్ని పోగుచేయడంతో కాక, ఆ ఆమోదించే కొస నుంచి పని మొదలుపెట్టాలి.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవారికి బాగా పరిచయమైన గ్నోమ్ డెస్క్‌టాప్‌నే, అంటే తెర మీద కిటికీలూ బొత్తాలూ చూపించే సాఫ్ట్‌వేర్‌నే, తీసుకోండి. 1997లో మొదలైన ఈ ప్రాజెక్టులో ఒక్కో భాషకు ఒక్కో బృందం, ఆ బృందానికొక సమన్వయకర్త ఉంటారు. పనంతా డ్యామ్డ్ లైస్ అనే వెబ్ వేదిక మీద నడుస్తుంది. గణాంకాలను అబద్ధాల జాబితాలో చేర్చే ఒక పాత ఇంగ్లిషు చమత్కారం నుంచి తీసుకున్న పేరది; ఏ భాష ఎంత శాతం పూర్తయిందో చూపించే వేదికకు అంతకంటే తగిన పేరు దొరకదు. అక్కడ ఒకరు ఒక ఫైలును తమ పేరిట కేటాయించుకుని, అనువదించి ఎక్కిస్తారు. సమీక్షకులు దాన్ని చదివి సరేనంటారు. చివరికి అసలు కోడ్‌లో చేర్చే హక్కున్న కమిటరో సమన్వయకర్తో దాన్ని లోపలికి పంపుతారు. కింది మెట్టు ఎవరికైనా అందుతుంది. పై మెట్టు మీద ఒక్కరే ఉండి, ఆ ఒక్కరు ఉద్యోగం మారినా, ఇంట్లో బాధ్యతలు మీద పడినా, ఊరికే విసుగెత్తి మానుకున్నా, కింద ఎంతమంది ఎన్ని వాక్యాలు రాసినా అందులో ఒక్కటీ వాడుకరి తెర మీదికి రాదు.

ఇందులో గడువుల చిక్కు కూడా ఉంది. గ్నోమ్ కొత్త విడుదల ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి వస్తుంది. విడుదలకు కొన్ని వారాల ముందు, తెరపై కనిపించే వాక్యాలను ప్రోగ్రామర్లు ఇక మార్చకూడదనే నియమం అమలులోకి వస్తుంది. ఆ వ్యవధి అనువాదకుల కోసం కేటాయించినదే. చాలా ఏళ్లపాటు కనీసం 80 శాతం అనువాదమైన భాషలనే విడుదల ప్రకటనలో మద్దతు ఉన్నవిగా పేర్కొనేవారు. ఆమోదం కోసం నిలిచిపోయిన ఫైలు ఆ గడువు దాటితే ఆ విడుదలలో చోటు పోయినట్లే. పైగా ఈలోగా మూలవాక్యం కొంచెం మారినా, ఈ పని వెనుక ఉండే గెట్‌టెక్స్ట్ పనిముట్లు పాత అనువాదానికి ఫజీ (మళ్లీ సరిచూడాలి) అనే ముద్ర వేసి పక్కన పెడతాయి, అప్పుడు తెర మీద మళ్లీ ఇంగ్లిషే కనిపిస్తుంది. ఐసు లేకుండా ఫిషింగ్ హార్బరు చేరిన చేపల గతే ఈ నిలవ అనువాదాలది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును తయారుచేసే మొజిల్లా వాడే పాంటూన్ అనే అనువాద వేదికలోనూ అమరిక ఇంచుమించు ఇదే. కొత్తగా వచ్చినవారు రాసేవన్నీ సూచనలుగా మిగులుతాయి. అనువాదకుడి హోదా పొందినవారు ఆమోదిస్తేనే అవి ఫైర్‌ఫాక్స్‌లోకి వెళతాయి. ఫైర్‌ఫాక్స్ 4 వారాలకొకసారి విడుదలవుతుంది కాబట్టి అక్కడ కొత్త వాక్యాల రాకడకు విరామమే ఉండదు. ఇటువంటి చోట ల్యాబులో ఒక మధ్యాహ్నం కూర్చున్న గుంపు యంత్రానువాదం నుంచి ఎత్తిపోసిన వందలాది సూచనలను వదిలి వెళ్లిపోతే, రాత్రిపూట ఉద్యోగం ముగించుకుని వచ్చి వాటిని ఒక్కొక్కటిగా తిరస్కరించవలసిన మనిషి ఏమనుకుంటారో ఊహించండి. కొత్తగా రాయడానికి పట్టే కాలం కంటే, చెడ్డ అనువాదాన్ని చదివి, ఎందుకు పనికిరాదో వివరించి, తిప్పి పంపడానికి పట్టే కాలమే ఎక్కువ. సమీక్షకులు తప్పుకోవడానికి ఇదొక ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందస్తు ఆమోదం లేని పద్ధతి కూడా ఒకటుంది, దాన్ని దాటవేస్తే న్యాయం కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మీకు కనిపించే బొత్తాలు, హెచ్చరికలు, పట్టీల పేర్లు ట్రాన్స్‌లేట్‌వికీ అనే వేదిక నుంచి వస్తాయి. అక్కడ కొత్తవారు ముందుగా కొన్ని నమూనా వాక్యాలను అనువదించి చూపాలి. అవి సంతృప్తికరంగా ఉంటే అనుమతి లభిస్తుంది, ఆ తరువాత వారు రాసినవి ఎవరి సంతకం కోసమూ ఆగకుండా కొద్ది రోజుల్లోనే వికీపీడియాలోకి చేరతాయి. తప్పులుంటే తరువాత వచ్చినవారు దిద్దుతారు. అంటే అక్కడ పరీక్ష మనిషికి ఒకసారి జరుగుతుంది, ప్రతి వాక్యానికీ జరగదు. చిన్న భాషా సమూహాలకు ఇదే మేలని వాదించేవారున్నారు, ఆ వాదనలో బలముంది. కానీ చదివే కళ్లు వందల్లో ఉండే వికీకి సరిపడిన ఈ పద్ధతి, తెలుగు తెర పెట్టుకుని వాడేవారే అరుదైన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు అలాగే సరిపోతుందని నాకు అనిపించదు, ఎందుకంటే అక్కడ తప్పు దొరకడానికే ఏళ్లు పట్టవచ్చు.

సమీక్ష అంటే అక్షరదోషాలు ఏరడమని చాలామంది అనుకుంటారు. ఒక చిన్న వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. పది ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు మూడోది నడుస్తోందని చూపడానికి ఇంగ్లిషు వాక్యంలో ముందు 3, తరువాత 10 వస్తాయి. అసలు ఫైలులో ఈ అంకెలు ఉండవు; వాటి స్థానంలో శాతం గుర్తు, దాని పక్కన డి అనే అక్షరం రెండు చోట్ల ఉంటాయి, ప్రోగ్రాము నడిచేటప్పుడు అంకెలు వాటిలో వచ్చి చేరతాయి. తెలుగులో మనం “10లో 3” అంటాం, అంటే వరుస తిరగబడుతుంది. అనువాదకులు ఆ రెండు గుర్తులనూ యథాతథంగా ఉంచి నడుమ “లో” చేర్చి ఊరుకుంటే తెర మీద “3లో 10” అని వస్తుంది. గుర్తు ఒకటి ఎగిరిపోయి ఉంటే తనిఖీ చేసే పనిముట్టు వెంటనే పట్టుకుని ఫైలును తిప్పికొట్టేది. ఇక్కడ రెండు గుర్తులూ ఉన్నాయి, రెండూ ఒకే రకానివి, కాబట్టి యంత్రానికి తప్పేమీ కనపడదు. శాతం గుర్తు వెనుకనే అంకె, డాలరు గుర్తు చేర్చి ఏ గడిలో ఎన్నో విలువ రావాలో చెప్పే వీలు గెట్‌టెక్స్ట్‌లో ఉంది. ఆ సంగతి కోడ్ తెలిసినవారికే తెలుస్తుంది. “3లో 10” అన్నది తెలుగు కాదన్న సంగతి వాక్యాన్ని మనసులో చదువుకునేవారికే తడుతుంది.

ఈ రెండు నేర్పులూ ఒకే మనిషిలో ఉండాలని పట్టుబడితే మనకు సమీక్షకులు దొరకరు. అయితే విశాఖలో ఈ ఇద్దరూ ఒకరికొకరు చాలా దగ్గరలో ఉన్నారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగ్ కళాశాల ఉత్తర ప్రాంగణంలో ఉంది, సాహిత్యం చదివే విద్యార్థులు దక్షిణ ప్రాంగణంలో ఉన్నారు, నడుమ ఉన్నది నడిచి వెళ్లగలిగిన దూరమే. కోడ్ చదవగలిగిన ఒకరిని, తెలుగు ఎం.ఏ. చదువుతున్న ఒకరిని జంటగా కూర్చోబెట్టి, వారికి అనువాదం బదులు సమీక్షే అప్పగిస్తే, ఒక్కో జంట వారానికి ఒక చిన్న ఫైలును పూర్తిచేసినా నిలవ తగ్గుతుంది. అరవై మందితో ఒక రోజు చేయించే పనికంటే ఇటువంటి నాలుగైదు జంటలు ఏడాది పాటు చేసే పని నాకు విలువైనదిగా తోస్తుంది. ఫొటోకు మాత్రం అంత నిండుగా ఉండదు.

ఆ జంటలకు నేను పెట్టే షరతు ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్‌ను సమీక్షిస్తున్నారో దాన్ని తమ కంప్యూటరులో తెలుగులోనే వాడాలి. స్థానికీకరణ చేసేవారిలో చాలామంది ఫోనూ లాప్‌టాపూ ఇంగ్లిషులోనే ఉంటాయన్నది అందరికీ తెలిసి ఎవరూ బయటపెట్టని సంగతి. బొత్తాం మీద పట్టనంత పొడుగైన పదం, రెండు పట్టీల్లో రెండు రకాలుగా ఉన్న ఒకే ఆదేశం, కింది ఒత్తు తెగిపోయి కనిపించే ఫాంటు, ఇవి పట్టికలో చదివినప్పుడు తెలియవు, వాడినప్పుడే కళ్లకు గుచ్చుకుంటాయి.

ఇక పదాల తగాదాలు. సంస్కృత పదమా, ఇంగ్లిషు పదమా, అచ్చతెనుగా అన్న చర్చ మొదలైతే బృందంలో అంతవరకు నోరు విప్పనివారంతా హాజరవుతారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి మన ఉత్తరాంధ్రవారే కాబట్టి ఇక్కడ ఆ ఉత్సాహం ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. చర్చకు ఒక గడువు పెట్టి, నిర్ణయాన్ని పదకోశంలో రాసుకుని, వచ్చే విడుదల దాకా దాన్ని కదపకుండా ఉంటే చాలు. ఇంతకు మించి ఈ విషయం మీద కాలం ఖర్చు చేయడం నాకిష్టం లేదు.

అసలు గండం వారసత్వం దగ్గర ఉంది. మన విద్యార్థులు నాలుగో ఏడు ముగియగానే హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు, సెప్టెంబరు విడుదల సరిగ్గా ప్లేస్‌మెంట్ల హడావుడిలో వస్తుంది. కాబట్టి ఆమోదించే హక్కు ఏ క్షణంలోనూ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. కనీసం ఇద్దరి దగ్గర, వీలైతే వేర్వేరు సంవత్సరాల విద్యార్థుల దగ్గర, ఇంకా వీలైతే వారిలో ఒకరు ఊళ్లోనే స్థిరపడిన ఉద్యోగి దగ్గర ఉండాలి. మూడో ఏడాదిలో ఉన్నవారు రెండో ఏడాది విద్యార్థిని వెంట కూర్చోబెట్టుకుని, తాము ఒక సూచనను ఎందుకు తిరస్కరించారో రాతపూర్వకంగా వివరిస్తూ పోతే, హక్కు చేతులు మారే నాటికి నేర్పు కూడా చేతులు మారి ఉంటుంది.

ఇప్పటికే సమన్వయకర్త జాడ లేని బృందంలో చేరితే, చాటుగా వేరే కుంపటి పెట్టకండి. ముందు ఆ సమన్వయకర్తకు మర్యాదగా ఉత్తరం రాయండి, తగినంత కాలం ఆగండి, జవాబు రాకపోతే ప్రాజెక్టు స్థాయిలో అన్ని భాషలనూ చూసుకునేవారికి బహిరంగంగా విన్నవించండి. గ్నోమ్‌తో సహా పెద్ద ప్రాజెక్టులలో బాధ్యత బదలాయించే పద్ధతి ఉంది. ఆ విన్నపంతో పాటు మీరు ఇప్పటికే సమీక్షించిన ఒకటి రెండు ఫైళ్లను జతచేస్తే మీ మాటకు బరువు పెరుగుతుంది. బాధ్యత చేతికి వచ్చాక గ్నోమ్ అనువర్తనాల “గురించి” కిటికీలో కనిపించే అనువాదకుల జాబితా నుంచి పాతవారి పేర్లు తీసేయకండి, మీ పేరును వాటి కింద చేర్చండి. బృందపు టెలిగ్రాం గ్రూపు అడ్మిన్ హక్కు, పదకోశం ఉన్న పత్రాన్ని మార్చే హక్కు కూడా అదే వారంలో రెండో మనిషికి ఇచ్చేయండి.