కూలిన కెర్నల్‌ను పట్టుకోవడానికి ఎన్ని ప్రాసెసర్లు కావాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఆసుపత్రులు, కాలేజీలు, బ్యాంకుల సర్వర్లు చూసుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

లినక్స్‌కు గుండె లాంటి కెర్నల్ పానిక్ అయినప్పుడు, అంటే కోలుకోలేని లోపంతో కూలిపోయినప్పుడు, మెమరీలో ఉన్నదాన్ని డంప్ అనే ఫైలుగా దాచిపెట్టేది కేడంప్. బూట్ లైన్లో 'క్రాష్‌కెర్నల్=256ఎం' అని రాసి కొంత మెమరీ విడిగా పెడతాం. ఆ డంప్ తీసే రెండో కెర్నల్ అందులో ముందే సిద్ధంగా ఉంటుంది. ఇంతవరకు అందరూ చేసేదే. ఆ రెండో కెర్నల్‌కు ఎన్ని ప్రాసెసర్లు ఇవ్వాలన్న దగ్గరే పొరపాట్లు జరుగుతాయి.

పానిక్ వచ్చేది ఒక ప్రాసెసర్ మీద. మిగతావి ఇంకా మెమరీలో రాస్తూనే ఉంటాయి. ఘాట్ రోడ్డులో బండరాయి పడితే బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆపేసినట్టు వాటిని ఆపాలి. మామూలు ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపమనే సంకేతం) పంపితే, ఇంటరప్టులు మూసుకుని లాక్ కోసం తిరుగుతున్న ప్రాసెసర్‌కు అది చేరదు. అందుకే ఎన్‌ఎంఐ, అంటే మూసుకోవడానికి వీల్లేని ఇంటరప్ట్, పంపుతారు. అది అందగానే ప్రతి ప్రాసెసరూ తన రిజిస్టర్లను రాసిపెట్టి ఆగిపోతుంది. ఇంటెల్, ఏఎండీల ఎక్స్86 ప్రాసెసర్లలో వీటన్నిటి కోసం ఎదురుచూసేది ఒక్క సెకను. ఆ తర్వాత పానిక్ అయిన ప్రాసెసరే, బయాస్‌తో (మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌తో) పని లేకుండా, రెండో కెర్నల్లోకి దూకుతుంది.

అది 0వ ప్రాసెసరే కానక్కర్లేదు, 37వది కావచ్చు. అప్పుడు రెండో కెర్నల్ మిగతావాటిని లేపబోయి 0వ దానికీ ఇనిట్ అనే రీసెట్ సిగ్నల్ పంపిందనుకోండి. అది అసలు బూట్ ప్రాసెసర్, అంటే మెషీన్ ఆన్ అయినప్పుడు మొదట నడిచేది కాబట్టి మిగతావాటిలా తర్వాతి సిగ్నల్ కోసం ఆగదు, తిన్నగా బయాస్ కోడ్‌లోకి పోతుంది. మెషీన్ రీసెట్ అవుతుంది, లేదా బిగుసుకుపోతుంది. డంప్ మాత్రం దక్కదు.

అందుకే రెండో కెర్నల్ బూట్ లైన్లో మామూలుగా 'ఎన్‌ఆర్_సీపీయూస్=1' (ఒక్క ప్రాసెసరే వాడు అని) చాలు, నా సలహా కూడా అదే. 'మ్యాక్స్‌సీపీయూస్=1' పెట్టినా ఒక్కటే లేస్తుంది గానీ, లేవని ప్రాసెసర్లకు కూడా పర్-సీపీయూ మెమరీ (ఒక్కో ప్రాసెసర్‌కు విడిగా ఇచ్చేది) కేటాయింపు జరుగుతుంది. 128 ప్రాసెసర్ల మెషీన్లో ఆ 256 ఎంబీ చాలక రెండో కెర్నలే మెమరీ లేక పడిపోవచ్చు.

మరి టెరాబైట్ మెమరీ ఉన్న సర్వర్ సంగతి? ఒక్క ప్రాసెసర్‌తో కుదించి రాయాలంటే చాలాసేపు పడుతుంది. అక్కడ 'ఎన్‌ఆర్_సీపీయూస్=4' ఇచ్చి, డంప్‌ను కుదించి రాసే మేక్‌డంప్‌ఫైల్‌కు 'నమ్-థ్రెడ్స్' (ఒకేసారి పనిచేసే థ్రెడ్ల సంఖ్య) 3 పెట్టండి. థ్రెడ్లు ప్రాసెసర్లను మించితే వేగం పెరగకపోగా బాగా పడిపోతుంది. క్రాష్‌కెర్నల్ మెమరీ కూడా పెంచాలి. 6.9 కంటే పాత కెర్నల్ అయితే, అసలు బూట్ ప్రాసెసర్‌ను లేపకుండా వదిలేయమనే 'డిజేబుల్_సీపీయూ_ఎపిక్‌ఐడీ=0' తప్పనిసరి. ఎపిక్‌ఐడీ అంటే ప్రాసెసర్ గుర్తింపు సంఖ్య. ఆ సున్నాను గుడ్డిగా రాయకండి. ప్రాక్ కింది సీపీయూఇన్ఫో ఫైల్లో 'ప్రాసెసర్ : 0' అన్న భాగంలో 'ఇనిషియల్ ఎపిక్‌ఐడీ' వరుస చూసి అక్కడున్న అంకె వేయండి. లినక్స్ 6.9 నుంచి కెర్నలే అసలు బూట్ ప్రాసెసర్‌ను గుర్తుపట్టి పక్కన పెడుతుంది.

మార్చాక కేడంప్ సర్వీస్ రీస్టార్ట్ చేసి, సిస్ కింద కెర్నల్ డైరెక్టరీలోని 'కెక్సెక్_క్రాష్_లోడెడ్'లో 1 ఉందో లేదో చూడండి. అక్కడితో ఆగొద్దు. ఎవరూ వాడని సమయంలో నిజంగా క్రాష్ చేయండి. ప్రాక్ కింది సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌ ఫైల్లోకి 'సి' అక్షరం పంపితే కెర్నల్ కూలుతుంది; అలా పంపే షెల్‌ను, ఏ ప్రాసెసర్ మీద నడపాలో చెప్పే 'టాస్క్‌సెట్ -సి 0'తో ఒకసారి, 'టాస్క్‌సెట్ -సి 5'తో ఇంకోసారి నడపండి. 0 మీద డంప్ వచ్చి 5 మీద రాకపోతే, ముందుగా చూడాల్సింది ఆ ఎపిక్‌ఐడీ వరుసే.